వారం డబ్బా

ఇవాళ కాఫీ పొడి గురించి మాట్లాడుకుందాం. కాఫీ ఎలా కలపాలో నేను చెప్పబోవడం లేదు. అది ఎవరి చేతివాటం వాళ్లది. కొనుక్కొచ్చిన పొడిని ఇంట్లో ఎలా దాచాలి, చివరి చెంచా దాకా దాని ఘుమఘుమ ఎలా నిలబెట్టుకోవాలి, అంతవరకే చెబుతాను.

అసలు మాట ముందే చెప్పేస్తాను. మధ్యలో పాలు పొంగుతున్నాయని మీరు లేచి వెళ్లినా, ఇదొక్కటి చెవిన పడితే చాలు. వారానికి సరిపడే పొడిని ఒక చిన్న డబ్బాలో పెట్టుకోండి. మిగతా పొడిని గట్టిగా మూసి, విడిగా దాచండి. రోజూ మూత తీసేది ఆ చిన్న డబ్బాదే. దాన్ని మనం వారం డబ్బా అందాం. వారం డబ్బా. ఈ మాట మళ్లీ మళ్లీ వస్తుంది.

మా వినగడప సంగతే తీసుకోండి. గంపలగూడెం మండలంలో, కట్టలేరు పక్కనున్న ఊరు. మామిడి, పత్తి, మిరప తెలిసిన నేల. కాఫీ మాత్రం కొనుక్కోవాల్సిందే. తిరువూరు వెళ్లినప్పుడో, పని మీద విజయవాడ వెళ్లినప్పుడో తెచ్చుకుంటాం. ఇంత దూరం వచ్చాం కదా అని ఒకేసారి కేజీ కట్టించుకుంటాం. ఇంటికొచ్చి పెద్ద డబ్బాలో పోసేస్తాం. మొదటి వారం కాఫీ పెడితే పక్కింటికి తెలుస్తుంది. మూడో వారం వచ్చేసరికి కప్పులో రంగు ఉంటుంది, చేదు ఉంటుంది, వాసన ఉండదు. అప్పుడు కొట్టతని మీద అనుమానం వస్తుంది. ఏదో కలిపాడు అనుకుంటాం. కలిపేవాళ్లు లేరని నేను అనను. కానీ మొదటి వారం బాగున్న పొడి మూడో వారం బాగాలేదంటే, మధ్యలో జరిగింది మన వంటింట్లోనే జరిగింది.

ఏం జరిగిందో తెలియాలంటే ఆ గింజ కథ కొంచెం వినాలి. మన రాష్ట్రంలో కాఫీ అంటే అరకు గుర్తొస్తుంది. అరకు, పాడేరు, చింతపల్లి, ఇప్పుడవన్నీ అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉన్నాయి. మన మన్యానికి కాఫీ వచ్చి చాలా ఏళ్లయింది. 1898లో బ్రోడీ అనే ఆంగ్లేయుడు తూర్పు గోదావరి వైపు పాములేరు లోయలో మొదట నాటించాడు. తర్వాత కొండలన్నీ ఎక్కింది. అక్కడ సిల్వర్ ఓక్ చెట్ల నీడలో కాఫీ మొక్క పెరుగుతుంది. అవే చెట్లకు మిరియాల తీగ పాకిస్తారు. చలికాలంలో పండు ఎర్రబడుతుంది. కొమ్మకున్న పళ్లన్నీ ఒకేసారి పండవు. పండినవి ఏరి కోయాలి, పచ్చివి వదలాలి, మళ్లీ రావాలి. పండు తొక్క తీసి, గింజ కడిగి, ఎండబెడతారు. గింజలో తేమ నూటికి 10, 11 పాళ్లకు దిగేదాకా ఎండాలి. ఎక్కువ తడి ఉంటే బూజు పడుతుంది. మరీ ఎండితే గింజ పెళుసెక్కుతుంది. ఆ కుటుంబాలు అంత జాగ్రత్త పడతాయి. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ ఆ కాఫీని కొని, పొడి చేయించి అమ్ముతుంది. 2017లో అరకు పేరుతోనే పారిస్ నగరంలో కాఫీ దుకాణం తెరిచారు. 2019లో అరకు వ్యాలీ అరబికాకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇంత శ్రమ పడి, ఇంత పేరు తెచ్చుకున్న గింజ మన పొయ్యి పక్కన మూడు వారాల్లో మట్టి రుచికి దిగిపోతుంటే నాకు బాధగా ఉంటుంది. ఈ ప్రసంగం అందుకే.

పచ్చి గింజ, అంటే వేయించని గింజ, బాగా దాస్తే నెలల తరబడి ఉంటుంది. దానికి వాసన కూడా పెద్దగా ఉండదు. వేయించడంతోనే అంతా మారుతుంది. 200 డిగ్రీల వేడికి అటూ ఇటూ గింజ రంగు తిరుగుతుంది, ఉబ్బుతుంది, చిటపటలాడుతుంది. మనం కాఫీ వాసన అనుకునేది అప్పుడే పుడుతుంది. అది ఒకే వాసన కాదు. గాల్లో కలిసిపోయే పదార్థాలు వందల రకాలు కలిస్తే ఆ వాసన. శాస్త్రవేత్తలు 800కు పైగా గుర్తించారు. వాటితో పాటు గింజ లోపల బొగ్గుపులుసు వాయువు, అదే కార్బన్ డయాక్సైడ్, నిండి ఉంటుంది. వేయించిన తర్వాత కొన్ని రోజుల పాటు అది మెల్లగా బయటికొస్తూ ఉంటుంది. కొన్ని గింజల ప్యాకెట్ల మీద చిన్న గుండ్రటి కవాటం ఉంటుంది, చూసే ఉంటారు. లోపలి వాయువును బయటికి పంపి, బయటి గాలిని లోపలికి రానివ్వదు. 1960ల్లో ఇటలీలో కనిపెట్టారు. అది లేకపోతే తాజా గింజల ప్యాకెట్టు ఉబ్బి పగులుతుంది.

గింజ గింజగా ఉన్నంతసేపూ ఆ వాసన లోపల కొంత భద్రంగా ఉంటుంది. పొడి కొట్టామంటే లోపలున్నదంతా గాలికి అప్పగించినట్టే. కాఫీ పొడి మర పక్కన నిలబడితే బజారంతా ఘుమఘుమలాడుతుంది. మనం సంతోషిస్తాం. నిజానికి అక్కడ గాల్లో కలుస్తున్నది మన కప్పులోకి రావాల్సిన వాసనే. కొంత పోక తప్పదు. మిగిలినదాన్ని కాపాడుకోవడమే మన పని.

పొడిని పాడుచేసేవి నాలుగు. గాలి, తేమ, వేడి, వెలుతురు. మళ్లీ చెబుతాను. గాలి, తేమ, వేడి, వెలుతురు. గాలి తగిలితే పొడిలోని నూనెలు మెల్లగా కనరెక్కుతాయి. తేమ తగిలితే పొడి గడ్డ కడుతుంది, రుచి చప్పబడుతుంది. వేడి, వెలుతురు ఈ చెడిపోయే పనిని తొందరపెడతాయి. ఈ నాలుగిటిలో మన చేతిలో ఎక్కువగా ఉన్నది గాలి. మూత తీసిన ప్రతిసారీ పాత వాసన కొంత బయటికి పోతుంది, కొత్త గాలి లోపలికి వస్తుంది. పొద్దున రెండుసార్లు, మధ్యాహ్నం ఒకసారి, చుట్టం వస్తే మరోసారి. పెద్ద డబ్బా నెల రోజులు వాడితే వందసార్లు దాటి మూత తీస్తాం. పొడి తగ్గే కొద్దీ డబ్బాలో ఖాళీ పెరుగుతుంది. ఖాళీ అంటే గాలే. అడుగున మిగిలిన పావు కేజీ నెలంతా గాలి పీలుస్తూ కూర్చుంటుంది.

దీనికి మందు మనకు కొత్తగా ఎవరూ నేర్పక్కర్లేదు. ఆవకాయ జాడీ దగ్గర మన అమ్మలు, అమ్మమ్మలు చేసేదే. వేసవిలో ఆవకాయ పెడతాం. పెద్ద జాడీలో పోసి, వాసెన కట్టి, ఓ మూలన పెడతాం. ఆ జాడీని రోజూ అన్నాల వేళ తెరుస్తామా? తెరవం. పది రోజులకో, పదిహేను రోజులకో ఒకసారి వాసెన విప్పుతాం. చేతులు తుడుచుకుని, అవి ఆరాక, పొడి గరిటెతో చిన్న సీసాలోకి తీసుకుంటాం. మళ్లీ వాసెన బిగిస్తాం. పిల్లలెవరైనా తడి చెయ్యి పెట్టబోతే ఇల్లంతా అరుస్తాం. రోజువారీ వాడకమంతా ఆ చిన్న సీసాతోనే. అందుకే ఆవకాయ ఏడాది నిలుస్తుంది. కాఫీ పొడి ఏడాది నిలవదు, నిలవాలని అడగొద్దు. కానీ పద్ధతి అదే. పెద్దది మూసి ఉంచండి. చిన్నది వాడుకోండి. వారం డబ్బా అంటే కాఫీకి ఆ చిన్న సీసా.

ఇక లెక్క. మీ ఇంట్లో రోజుకు ఎంత పొడి పడుతుందో ఒకరోజు చూసుకోండి. రోజుకు 20 గ్రాములు వాడే ఇంటికి వారానికి 140 గ్రాములు. రోజుకు 35 గ్రాములు వాడే ఇంటికి పావు కేజీకి కాస్త తక్కువ. డబ్బా ఆ కొలతకు తగ్గట్టు ఉండాలి. పొడి పోస్తే మూతకు దగ్గరగా రావాలి. 140 గ్రాముల పొడికి కేజీ డబ్బా తీస్తే మళ్లీ గాలినే దాచుకున్నట్టు.

డబ్బా ఏదైనా ఫర్వాలేదు, మూత బిగుతుగా ఉండాలి. మూత లోపల రబ్బరు చుట్టు ఉన్న స్టీలు డబ్బా మంచిది. గాజు సీసా అయినా మంచిదే, అలమర తలుపు వేసి లోపల పెట్టుకుంటే వెలుతురు తగలదు. ప్లాస్టిక్ డబ్బాకు పాత వాసన పడుతుంది. ధనియాల పొడి పోసిన ప్లాస్టిక్ డబ్బాను ఎంత కడిగినా ధనియాలు గుర్తొస్తూనే ఉంటాయి. కాఫీ పొడికి చుట్టుపక్కల వాసనలు లాక్కునే గుణం ఉంది. ఇంగువ, వెల్లుల్లి, మసాలా, ఎండు చేపలు, ఏ వాసనైనా పట్టేస్తుంది. కాబట్టి పోపుల డబ్బాకు ఎడంగా పెట్టండి. అగరొత్తుల ప్యాకెట్టుకు కూడా.

పెద్ద ప్యాకెట్టు సంగతి. కొట్లో ఇచ్చిన మందపాటి కవరు లోపల వెండిరంగు పొర ఉంటే, దాన్ని పారేయకండి. వారానికి సరిపడా తీశాక, కవరును పైనుంచి కిందికి నొక్కి గాలి తీసేయండి. పైభాగం రెండు మూడు మడతలు పెట్టి, రబ్బరు బ్యాండు బిగించండి. కవరుతో సహా ఇంకో గట్టి డబ్బాలో పెట్టి, మూత వేయండి. మళ్లీ వారం దాకా దాని జోలికి వెళ్లొద్దు. 1900లో అమెరికాలో శాన్ ఫ్రాన్సిస్కోలోని హిల్స్ బ్రదర్స్ అనే కంపెనీ డబ్బాలోంచి గాలి తోడేసి కాఫీ అమ్మడం మొదలుపెట్టింది. మన ఇళ్లలో ఆ యంత్రం లేదు. రెండు చేతులతో నొక్కడం చాలు.

ఇంకొక జాగ్రత్త, చాలామంది పట్టించుకోనిది. కొత్త పొడిని పాత పొడి మీద పోయొద్దు. డబ్బా గోడలకు కాఫీ నూనె అంటుకుని ఉంటుంది. అది కనరెక్కుతుంది. దాని మీద కొత్త పొడి పోస్తే ఆ కనరు వాసన దీనికీ అంటుతుంది. వారం డబ్బా ఖాళీ కాగానే సబ్బుతో కడగండి. ఎండలో బోర్లించండి. లోపల తడి బొత్తిగా లేదని వేలితో చూసుకుని, అప్పుడు పోయండి. రెండు డబ్బాలు ఉంచుకుంటే ఇంకా సుఖం. ఒకటి వాడకంలో ఉంటే ఒకటి ఎండలో ఉంటుంది.

ఇప్పుడు వంటింట్లోకి వద్దాం. మనలో ఎక్కువ మంది కాఫీ డబ్బా ఎక్కడ పెడతాం? పొయ్యి పక్క గట్టు మీద, చేతికి అందేలా. మే నెలలో మన దగ్గర బయటే 40 డిగ్రీలు దాటడం మామూలు. పొయ్యి వెలిగిస్తే ఆ పక్కన ఇంకెంత వేడి ఉంటుందో మీకు తెలుసు. రేకుల ఇంట్లో పై గూడు మరీ వేడి. అందుకే డబ్బాను పొయ్యికి దూరంగా, కిటికీకి దూరంగా, కింది అరలో, తలుపున్న అలమరలో పెట్టండి. ఫ్రిజ్ నెత్తిన కూడా వద్దు, దాని వెనక నుంచి వచ్చే వేడి పైకే వస్తుంది. ఒక్క అడుగు ఎక్కువ నడవాలి, అంతే.

ఆవిరి గురించి మరీ మరీ చెబుతాను. ఇన్‌స్టంట్ కాఫీ వాడే ఇళ్లవాళ్లు ముఖ్యంగా వినండి. పాలు మరుగుతుంటాయి. గిన్నె మీదే సీసా మూత తీసి, అక్కడే చెంచా ముంచి, అక్కడే వేస్తాం. ఆ క్షణంలో గిన్నెలోంచి లేచిన ఆవిరి సీసాలోకి పోతుంది. చెంచాకు పట్టిన ఆవిరి మళ్లీ పొడిలోకి దిగుతుంది. ఇన్‌స్టంట్ పొడి నీళ్లలో ఇట్టే కరిగేది. గాలిలో తేమ తగిలినా అలాగే కరగబోతుంది. జిగురుగా మారి, గడ్డకట్టి, సీసాకు అంటుకుపోతుంది. వానాకాలంలో రెండు రోజులు చాలు. పొడిని పొయ్యికి ఎడంగా, తడి లేని చెంచాతో, ముందు కప్పులోకి తీసుకోండి. మూత పెట్టేయండి. అప్పుడు కప్పును పాల దగ్గరికి తీసుకెళ్లండి. కాఫీ తాగేది ఒక్కరే ఉన్న ఇంట్లో, అదీ అప్పుడప్పుడూ తాగేవాళ్లయితే, ఒక్కో కప్పుకు సరిపోయే చిన్న ప్యాకెట్లు కొనుక్కోవడం మేలు.

ఫిల్టర్ కాఫీ వాడేవాళ్లు చికోరీ సంగతి తెలుసుకోవాలి. మనం కొనే చాలా పొడుల్లో చికోరీ కలిసి ఉంటుంది. అది ఒక మొక్క వేరు, వేయించి పొడి కొడతారు. డికాక్షన్‌కు చిక్కదనం, రంగు ఇస్తుంది. అలా కలిపి అమ్మేటప్పుడు కాఫీ 51 శాతానికి తగ్గకూడదని మన ఆహార నిబంధన. ఎంత కలిపారో ప్యాకెట్టు మీద రాయాలి. చదువుకుని కొనండి. చికోరీ ఎక్కువున్న పొడి తేమను తొందరగా పీలుస్తుంది. 60, 40 పాళ్ల పొడి వాడే ఇంట్లో మూత ఇంకాస్త గట్టిగా ఉండాలి.

తేమ కాఫీని ఎంత మారుస్తుందో చెప్పడానికి పాత కథ ఒకటుంది. తెరచాప ఓడల కాలంలో మలబారు తీరం నుంచి పచ్చి కాఫీ గింజలు యూరప్‌కు వెళ్లేవి. ఆఫ్రికా చుట్టూ తిరిగి, నెలల తరబడి ప్రయాణం. ఆ సముద్రపు గాలికి, చెమ్మకు గింజ ఉబ్బి, పసుపు రంగుకు తిరిగేది. రుచిలో పులుపు తగ్గేది. అక్కడివాళ్లు ఆ రుచికే అలవాటు పడ్డారు. 1869లో సూయజ్ కాలువ తెరిచాక ప్రయాణం తగ్గింది. గింజ రంగు మారకుండానే చేరడం మొదలైంది. పాత రుచి కావాలని కొనేవాళ్లు అడిగారు. అప్పటినుంచి పడమటి తీరంలో పచ్చి గింజలను వానాకాలపు గాలికి వారాల తరబడి పరిచి ఉంచి, అదే రుచి తెప్పిస్తున్నారు. మాన్‌సూన్డ్ మలబార్ అని దానికి పేరు. అది పచ్చి గింజ మీద, తెలిసినవాళ్ల చేతుల్లో, కావాలని చేసే పని. వేయించి కొట్టిన మన పొడికి అదే గాలి తగిలితే మంచి ఏమీ జరగదు.

మరి ఫ్రిజ్‌లో పెట్టొచ్చా? ఇది అందరూ అడిగే ప్రశ్న. రోజూ వాడే డబ్బా ఫ్రిజ్‌లో వద్దు. వేసవిలో ఫ్రిజ్‌లోంచి నీళ్ల సీసా తీస్తే దాని మీద చెమ్మ పడుతుంది కదా. చల్లటి కాఫీ డబ్బా తీసి మూత తెరిస్తే అదే చెమ్మ పొడి మీద పడుతుంది. రోజుకు మూడుసార్లు పొడిని తడుపుతున్నట్టే. పైగా ఫ్రిజ్‌లో పులుసు ఉంటుంది, ఉల్లిపాయ ముక్కలుంటాయి. ఆ వాసనలన్నీ పట్టుకుంటుంది.

డీప్ ఫ్రీజర్ మాట వేరు. ఎక్కువ పొడి వచ్చి పడింది, విదేశం నుంచి పిల్లలు గింజలు తెచ్చారు, నెలన్నర దాకా వాడలేం అనుకోండి. అప్పుడు దాన్ని వారం వారం సరిపడా చిన్న పొట్లాలు చేయండి. గాలి తీసి, రెండు కవర్లలో గట్టిగా చుట్టండి. ఫ్రీజర్‌లో అడుగున పెట్టండి. ఒక్కో పొట్లం రాత్రి తీసి బయట పెట్టండి. పొద్దుటికి దాని చల్లదనం పూర్తిగా పోతుంది. పోయాకే విప్పండి. విప్పినదాన్ని మళ్లీ లోపల పెట్టొద్దు. గంటల తరబడి కరెంటు పోయే ఊళ్లలో మాత్రం ఈ పద్ధతి నేను చెప్పను. గడ్డకట్టడం, కరగడం, మళ్లీ గడ్డకట్టడం పొడికి మంచిది కాదు.

వీలుంటే గింజలు కొనుక్కోండి. మూసి పెట్టిన గింజ నెల రోజుల దాకా బాగుంటుంది. పొడి వాసన ఒకటి రెండు వారాల్లోనే తగ్గడం మొదలుపెడుతుంది. చేత్తో తిప్పే చిన్న మర ఒకటుంటే రోజుకు రెండు నిమిషాల పని. మిక్సీలో కొట్టుకోవచ్చు, దానికి వేరే చిన్న జారు ఉండాలి. గరం మసాలా కొట్టిన జారులో కాఫీ కొడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ఇదంతా కుదరనివాళ్లు, కొనేటప్పుడు ఒక్క మాట అడగండి. గింజ ఎప్పుడు వేయించారు? అడగడం మొదలుపెడితే కొట్టువాళ్లూ జాగ్రత్త పడతారు. ఆ తేదీ కవరు మీద పెన్నుతో రాసుకోండి.

మీ పొడి ఎలా ఉందో తెలుసుకోవడం తేలిక. గాజు గ్లాసులో చెంచాడు పొడి వేసి, పైనుంచి వేడినీళ్లు పోయండి. తాజా పొడి పైకి ఉబ్బి, బుడగలు కడుతుంది. లోపలి వాయువు బయటికొస్తుందన్నమాట. పాతబడిన పొడి కదలకుండా తడిసి ఊరుకుంటుంది. చికోరీ ఎక్కువుంటే ఈ ఉబ్బడం తక్కువే ఉంటుంది, అప్పుడు ముక్కునే నమ్మండి. వాసన తగ్గిన పొడి తాగితే జబ్బేమీ చెయ్యదు. రుచి ఉండదు, అంతే. బూజు కనిపించినా, ముక్కిన వాసన వచ్చినా మాత్రం జాలి పడకుండా పారేయండి.

చివరగా పెళ్లిళ్ల సంగతి. వేసవి వచ్చిందంటే మన ఊళ్లలో శుభకార్యాలు. వచ్చిన బంధువులకు కాఫీలు. నాలుగైదు కేజీల పొడి ఒకే సంచిలో కట్టించి తెస్తాం. హడావుడిలో సంచి మూతి విప్పే ఉంటుంది. పక్కనే గాడిపొయ్యి, దాని మీద మరిగే పాలు. రెండో రోజుకే కాఫీ చప్పబడుతుంది. ఈసారి కొట్లోనే పావు కేజీ చొప్పున విడివిడిగా సీలు వేయించండి. ఒకటి అయిపోయాకే ఇంకొకటి విప్పమని వంటవాళ్లకు చెప్పండి. పెళ్లయ్యాక విప్పని ప్యాకెట్లు మిగిలితే ఆరు నెలలు వాడుకుందామని అటక ఎక్కించకండి. వేయించిన తేదీ రాసి, వెళ్లే చుట్టాల చేతిలో స్వీటు పొట్లంతో పాటు తలా ఒకటి పెట్టండి. వాళ్ల ఇంటికి అదే వారం డబ్బా అవుతుంది.